ఎవరూ ముట్టని నీళ్ళు

దుందుభి నామ సంవత్సరం శుక్రవారం నాడు మొదలైంది. పోశయ్య చావు కూడా ఆ రోజే మొదలైంది.

పొద్దున పండుగ చేసుకున్నారు. మధ్యాహ్నానికి పోశయ్య, అతని గది స్నేహితుడు రాజేశ్వర్ తాగినవాళ్ళలా తూలారు. మాట ముద్దగా వచ్చింది. ఇద్దరి మెడలోనూ తులసిమాల ఉంది. చుక్క ముట్టని భక్తులు పండుగ పూట ముట్టారని కూలీల క్యాంపులో అందరూ నవ్వారు. సాయంత్రానికి వాంతులు పట్టుకున్నాయి. శనివారం ఊపిరి బరువెక్కింది, మూత్రం ఆగిపోయింది. ఆదివారం ఒకరి తరవాత ఒకరు పోయారు.

అదే కుండలోది తాగిన మూడోవాడు పోశయ్య అన్న భోజన్న. అతను బతికాడు. బతకడమే అతని మీద అనుమానానికి కారణమైంది.

ముగ్గురూ షార్జా పక్కన అల్ కుసైస్‌లో బిన్ ఘదీర్ మోటార్స్ అనే కార్ల కంపెనీ వర్క్‌షాపులో కూలీలు. పోలీసులకు క్యాంపు వంటగదిలో పులిసిన వాసన కొట్టే కుండ దొరికింది. భోజన్న రక్తంలో మద్యం దొరికింది. భోజన్న తెలుగులో చెప్పినదాన్ని కంపెనీ లేబర్ ఆఫీసరు ఆదిశేషు అరబ్బీలోకి మార్చి చెప్పాడు. సారా కాచి ఇద్దర్ని చంపాడన్న కేసు సిద్ధమైంది. మంగళవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక పరీక్షల కోసం ఉంచిన ఆస్పత్రి నుంచి అతన్ని జైలుకు మారుస్తారు.

ఆ మంగళవారం పొద్దున్నే లింబాద్రి పోలీసు స్టేషన్‌కు వెళ్ళాడు. ఒకప్పుడు నిజామాబాద్‌లో సబ్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు దేరాలో ఒక బీమా కంపెనీకి విచారణాధికారి. చావులు సారా వల్లేనని తేలితే బీమా కంపెనీ ఆ కుటుంబాలకు ఏమీ ఇవ్వనక్కర్లేదు. అలా తేల్చి రమ్మనే అతన్ని పంపారు.

"ఈ కేసులో తిరగదోడడానికి ఏమీ లేదు," అన్నాడు స్టేషన్ అధికారి. "ఆ లేబర్ ఆఫీసరు వచ్చి, తను తర్జుమా చేసింది తప్పని తన నోటితో చెప్తే వేరే సంగతి. ఇంకెవరు చెప్పినా వినను. ఒకసారి జైలు గేటు దాటాడంటే, తరవాత నా చేతుల్లో కూడా ఉండదు."

లింబాద్రి అక్కడి నుంచి ఆస్పత్రికి వెళ్ళాడు.

* * *

భోజన్న కుడిచేతిని మంచం కడ్డీకి కట్టేశారు. ఎడమచెయ్యి ఛాతీ మీద ఊరికే పడి ఉంది. తలుపు దగ్గర కుర్చీలో పోలీసు కునుకుతున్నాడు.

"ఏ ఊరు నీది?"

"మోర్తాడ్ దిక్కు సార్."

"సార్ అనకు. మాది భీమ్‌గల్."

భోజన్న మొహం ఇటు తిప్పాడు. "భీమ్‌గలా? అయితే నీకన్న చెప్తే తెలుస్తదన్నా. ఈడ ఎవ్వనికీ తెల్వదు."

"ముందు నేనడిగింది చెప్పు. సారా యాడ కాసినవ్?"

"సారా గాదు."

"మరేం తాగిన్రు?"

"ఉగాది పచ్చడి."

లింబాద్రి ఈ ఏడాది ఉగాది ఎప్పుడొచ్చిందో కూడా చూసుకోలేదు. భార్య లింగవ్వ పోయి ఏడాది తిరగలేదు. ఏడాది తిరగని ఇంట్లో పండుగ ఉండదు. దేరాలో తన గదిలో శుక్రవారం అతను బట్టలు ఉతుక్కున్నాడు, అంతే.

"పోలీసోళ్ళకు గూడ ఇదే చెప్పిన," అన్నాడు భోజన్న. "ఆ ఆదిశేషు సారు నవ్విండు. పచ్చడి గ్లాసులతోని తాగుతార్రా, ఎవడి చెవుల పూలు పెడ్తవ్ అన్నడు. అరబ్బోళ్ళకు ఏం చెప్పిండో నాకేమెర్క?"

"ఎంత తాగిన్రు?"

"మా పోశిగాడికి చిన్నప్పటి సంది పచ్చడంటే పానం. పెద్ద స్టీలు గ్లాసుతోని మూడు తాగిండు. రాజేశ్వర్ గంతే. నేను రెండు. పక్క గదుల గోదావరోళ్ళు నలుగురికి గూడ ఇచ్చిన. వాళ్ళు ఇంతింత చెంచాతోని నాకి దండం పెట్టిన్రు."

"వాళ్ళకేం కాలే?"

"ఏం కాలే."

"నీకూ ఏం కాలే."

భోజన్న కళ్ళు మూసుకున్నాడు.

"నీ రక్తంల మందు దొరికింది భోజన్నా. అది పచ్చడిలకెల్లి రాలే. ఇంకో అబద్ధం చెప్తే నేను లేచిపోత. నమాజు అయినంక నిన్ను తీస్కపోతరు. అటెన్క ఎవ్వడూ రాడు."

భోజన్న తలుపు దగ్గరి పోలీసు వైపు చూశాడు.

"బ్రాందీ," అన్నాడు భోజన్న చివరికి. "బియ్యం సంచిల దాసిన. పండుగ అని పచ్చడి తాగంగనే మొదలువెట్టిన. పొద్దుమూకెదాక తాగిన. రాత్రి గూడ తాగిన. మా తమ్ముడు తిట్టిండు. పండుగ నాడు గూడ ఇదేందే అన్నా, అన్నడు. నేను గోడ దిక్కు తిరిగి పన్న."

"తర్వాత?"

"వాడు వాంతులు చేస్కుంట నన్ను పిలిచిండట. పక్క గదోళ్ళు చెప్పిన్రు. నాకు ఇనవడలే." కట్టేసిన చెయ్యి కడ్డీని గట్టిగా పట్టుకుంది. "బ్రాందీ సంగతి చెప్తే జైలని దాసిన. అది తాగినోణ్ణి నేనున్న. తాగనోళ్ళు పోయిన్రు. ఇదెక్కడి న్యాయమన్నా?"

లింబాద్రి మంచం మీదికి వంగాడు. "పచ్చడిల ఏమేమి ఏసినవ్? ఒక్కొక్కటి చెప్పు."

"చింతపండు, మామిడికాయ, కొత్త బెల్లం, ఏపపువ్వు, ఇంత ఉప్పు, కారం. అన్ని దేరాల కొన్న. ఏపపువ్వు మాత్రం రోడ్డు మీది చెట్టుది."

"నీళ్ళు?"

"కొత్త డ్రమ్ములయి. గురువారం సాయంత్రమే కంపెనీ పంపింది. పాత ట్యాంకుల అందరు ఎంగిలి చెంబులు ముంచుతరు. ఆ నీళ్ళతోని దేవుని పచ్చడి ఎట్ల కలుపుత? కొత్త కుండకు ఎవ్వలు ముట్టని నీళ్ళే కావాలె గద. రాత్రంత ఆ డ్రమ్ము కాడికి ఎవ్వల్ని రానియ్యలే. పొద్దున తానం జేసి నేనే వంచి తీసిన."

"వంచి ఎందుకు? నిండుగ లేదా?"

"అడుగున కొన్నే ఉండె. మొత్తం కుండలకే ఒంపిన."

"నీళ్ళు ఎట్లుండె? వాసన?"

"తానం జేసి మడితోని ఉన్న. దేవునికి పెట్టకముందు రుచి చూస్తారన్నా?"

లింబాద్రి లేచాడు. భోజన్న ఎడమచెయ్యి చాచి అతని చొక్కా పట్టుకున్నాడు.

"జైలుకు పోతందుకు నాకు భయం లేదు. మా అవ్వ సమ్మవ్వ ఉన్నది ఇంటికాడ. చిన్నకొడుకును పెద్దకొడుకు సారా పోసి సంపిండని ఊర్లె చెప్తరు. ఆ ఒక్క మాట ఆమె చెవుల వడకుంట చెయ్యి."

* * *

వరండాలో స్టాఫ్ నర్సు మాణిక్యం అతని కోసమే కాచుకుని ఉంది. అమలాపురం మనిషి. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"మీరు బీమావాళ్ళట కదండీ. ఒక మాట చెప్తాను, నా పేరు ఎక్కడా రాకూడదు. సారా కేసులు ఇక్కడ బోలెడు చూశాం. కల్తీ సారా అయితే ముందు చూపు పోతుందండి. పొగమంచు కమ్మినట్టుందని ఏడుస్తారు. ఈ ఇద్దరూ ఆఖరు దాకా నన్ను గుర్తుపట్టారు. వీళ్ళకి పోయింది కళ్ళు కాదు, మూత్రపిండాలు. డాక్టరుగారు మూత్రం చుక్క మైక్రోస్కోపులో చూసి, గాజు పలుకుల్లాంటివి ఉన్నాయన్నారు."

"పోలీసులకు చెప్పలేదా?"

"చెప్పారండి. అయితే ఏం విషమో పేరు చెప్పమన్నారు వాళ్ళు. ఏం విషమని వెతకాలో తెలిస్తేనే కదండీ లేబరేటరీ వాళ్ళు వెతికేది!" ఆమె మంచం వైపు చూసింది. "ఇంకోటన్నారు. ఈ మనిషి బతికితే బ్రాందీ వల్లే బతికాడన్నారు. కొన్ని విషాలకి అదే విరుగుడట. నేను సరిగా అడిగేలోపే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళిపోయారు."

లింబాద్రి ఆ మాటను పట్టుకుని మెట్లు దిగాడు. బ్రాందీ తాగినవాడు బతికాడు. తాగనివాళ్ళు పోయారు. అంటే విషం పచ్చడిలోనే ఉంది. కానీ పచ్చడి తిన్న నలుగురు గోదావరివాళ్ళకు ఏమీ కాలేదు. ఆ ముడి అలాగే ఉంది.

* * *

క్యాంపు వంటగది గుమ్మంలో ఆదిశేషు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకు తాళాల గుత్తి. లోపలి సిమెంటు నేల ఇంకా తడిగా ఉంది.

"రండి రండి, లింబాద్రిగారు. ఆస్పత్రిలో మీ జిల్లావాడి ఏడుపు విన్నారన్నమాట. బానే ఏడుస్తాడు."

"నేలెందుకు కడిగించిన్రు?"

"శుభ్రం కోసవండి. అదీ నేరమేనా మీ జిల్లాలో?"

"ఇద్దరు సచ్చిన జాగ. పోలీసులు మళ్ళ వస్తే చూడ్డానికి ఏం మిగలకుండ కడిగిన్రు."

"పోలీసులు వచ్చారు, చూశారు, వెళ్ళారు. ఖలాస్." ఆదిశేషు నవ్వు ఆగింది. "నాకు తెలీక అడుగుతాను, మీకేం లాభవండి ఇందులో? సారా అని రాస్తే మీ కంపెనీకి పైసా ఖర్చు లేదు. మా కంపెనీకి మాట రాదు. పోయినోళ్ళు ఎలాగూ రారు. మీరొక్కరే ఎదురీదుతున్నారు."

"బతికినోడు ఒకడున్నడు. పచ్చడి అని వాడు చెప్తే మీరు అరబ్బీల సారా అని చెప్పిన్రు."

"పచ్చడి అంటే నేను నమ్మాలా? ఉగాది మాకూ ఉందండి! పరగడుపున ఇంత ముద్ద, ప్రసాదంలాగా నోట్లో వేసుకుంటాం. ముగ్గురు మొగాళ్ళు కూర్చుని కుండ ఖాళీ చేశారంటే అది పచ్చడా? పోనీ, పచ్చడే విషమనుకుందాం. మా కోనసీమ కుర్రాళ్ళు నలుగురు తిన్నారు. ఒక్కడికి తుమ్ము కూడా రాలేదే!"

లింబాద్రి అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళాడు.

పాత ఇనప ట్యాంకు ఒక మూల ఉంది. దాని పక్కన నేల మీద గుండ్రటి తుప్పు మరక. కడిగినా పోలేదు.

"ఈడ డ్రమ్ము ఉండె. యాడికి వోయింది?"

"ఏ డ్రమ్ము?"

"గురువారం మీరే పంపిన డ్రమ్ము."

"ఇక్కడ డ్రమ్మనేదే లేదు."

లింబాద్రి వాదించలేదు. వెనక తలుపు తీసి బయటికి నడిచాడు. గోడ పక్కన నీళ్ళు జారే చిన్న కాలువ ఉంది. అది ఇసకలో కలిసే చోట ఒక పిల్లి పడి ఉంది. చచ్చి మూడు నాలుగు రోజులై ఉంటుంది. వంటగదిలో ఎంగిలి మెతుకులు తిని పెరిగిన పిల్లి. ఒంటి మీద దెబ్బ లేదు.

"పిల్లి చచ్చినా కంపెనీ మీదే రాస్తారేంటి?" అన్నాడు వెనకే వచ్చిన ఆదిశేషు.

"పిల్లి సారా తాగదు ఆదిశేషుగారు. కింద ఒలికింది ఏదైనా తియ్యగుంటే నాకుతది."

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక లింబాద్రి ఒక్క క్షణం కదలలేదు. తర్వాత గబగబా లోపలికి వచ్చి గోడలన్నీ చూశాడు. పొయ్యి పైన చిన్న చెక్క బల్ల మీద నరసింహస్వామి పటం ఉంది. పటం ముందు అగరుబత్తి పుల్లలు ఒక ఇనప మూతలో గుచ్చి ఉన్నాయి. నేల కడిగినవాడు దేవుడి బల్ల జోలికి వెళ్ళలేదు.

అది డ్రమ్ముకు బిగించే మరమూత. పుల్లలు నిలబడడానికి భోజన్న అందులో బియ్యం పోశాడు. లింబాద్రి చెప్పులు విడిచి, మూతను రెండు చేతులతో దించి, బియ్యం పక్కన ఆకు మీద పోశాడు. మూత లోపలి రబ్బరు చుట్టు మీద జిగురుగా ఏదో అంటుకుని ఉంది. ఆ జిగురు పొడవునా చీమలు అతుక్కుని చచ్చి ఉన్నాయి. మూత పైన కంపెనీ స్టోరు వాళ్ళు వేసే ఎర్ర రంగు గుర్తు.

పోయిన వేసవిలో అతను ఒక మేకల మంద కేసు చూశాడు. రోడ్డు పక్కన లారీ రేడియేటర్ పగిలి కారిన మడుగును మేకలు నాకాయి. ముందు తూలాయి. తర్వాత పడిపోయాయి. ఇంజను వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే కూలెంట్ చక్కెర పాకంలా తియ్యగా ఉంటుందని పశువుల డాక్టరు అప్పుడు చెప్పాడు.

బయట నీళ్ళ ట్యాంకర్ ఆగింది. డ్రైవరు షావలి గొట్టం లాక్కుంటూ లోపలికి తొంగి చూశాడు.

"షావలీ, గురువారం ఈడ కొత్త డ్రమ్ముల నీళ్ళు పోసింది నువ్వేనా?"

"హా సాబ్, నేనే. అప్పటికే ట్యాంకర్ల నీళ్ళు ఖలాస్. ఈ క్యాంపుకు ఒక ట్రిప్పు కట్ చేసిన్రు గదా, యాడికెల్లి సరిపోతయి? గొట్టంల మిగిలింది పోసిన. రెండు చెంబులు గూడ ఉండదు." అతను ఖాళీ మూల చూశాడు. "అరే, ఆ నీలం డ్రమ్ము యాడ?"

లింబాద్రి ఆదిశేషు వైపు తిరిగాడు. ఆదిశేషు తాళాల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"సరేనండి, ఉంది. తీయించేశాను. దానికీ వీళ్ళ చావుకీ ఏం సంబంధం? మునిసిపాలిటీ వాళ్ళు మంచినీళ్ళు డ్రమ్ముల్లో పెట్టకూడదన్నారు, కొత్త ట్యాంకు కట్టమన్నారు. ముదీర్, అదే మా మేనేజరు, కట్టించలేదు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు చూస్తే నా మెడకే చుట్టుకుంటుందని తీయించాను. అంతే."

"ఆ డ్రమ్ముల అంతకుముందు ఏముండె?"

"స్టోరువి. వర్క్‌షాపులో ఖాళీ అయినవి."

"కూలెంట్‌వి."

"అయ్యుండచ్చు. ఖాళీవే కదండీ!"

"డ్రమ్ములకెల్లి కూలెంట్ ఎట్ల తోడ్తరు?"

"చేతి పంపు పెట్టి."

"పంపు గొట్టం అడుగుదాక తగుల్తదా?"

ఆదిశేషు గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే జరిపాడు.

"తగలదు," అన్నాడు లింబాద్రి. "అడుగున చెంబెడు మిగుల్తది. దాని మీద షావలి రెండు చెంబులు పోసిండు. భోజన్న అంతా కుండల ఒంపిండు. బెల్లం ఏసిన పచ్చడిల ఆ తీపి ఎవ్వనికి తెలుస్తది?"

"మరి మా కుర్రాళ్ళు..."

"మీ ఇంట్ల పచ్చడి ముద్దగ చేస్తరు, చెంచాతోని తింటరు. మా దిక్కు పల్చగ, కుండ నిండా చేస్తం. ఇంటికొచ్చినోళ్ళకు గ్లాసులల్ల పోస్తం. పిల్లగాండ్లు కడుపు నిండేదాక తాగుతరు. మీ పిల్లలకు తగిలింది చెంచాడు. పోశయ్యకు మూడు గ్లాసులు. మీరు మీ ఇంట్ల పచ్చడి చూసి, వాడు చెప్పింది అబద్ధమన్నరు."

షావలి గొట్టం కింద పెట్టేశాడు.

ఆదిశేషు గోడకు ఆనుకున్నాడు. అతని మొహంలో వెటకారం పోయింది. అయినా లొంగలేదు. "మీరంటే సరిపోద్దా? రుజువేదండి?"

"మూత నా చేతుల ఉన్నది. డాక్టరుకు పేరు చెప్తే సాలు, రక్తంల వెతుకుతడు. మీరు నాతోని స్టేషన్‌కు వచ్చి, భోజన్న చెప్పింది పచ్చడే, సారా నేనన్న మాట అని చెప్పాలె. ఇప్పుడే. నమాజు అయితే వాణ్ణి తీస్కపోతరు."

"ముదీర్ నా వీసా పీకేస్తాడు."

"పోశయ్య వీసా ఆల్రెడీ పీకేసిన్రు."

"నేను కావాలని చెయ్యలేదండి!" ఆదిశేషు గొంతు పెరిగింది. "డ్రమ్ములు కడిగే ఇద్దర్నీ మొన్న శీతాకాలంలోనే ఇంటికి పంపేశారు, దండగ ఖర్చని. ఎవరో కడుగుతున్నారులే అనుకున్నాను. కొత్త షోరూం తెరుస్తున్నప్పుడు ముదీరే అన్నాడు, పారేసే డ్రమ్ములు బీదాబిక్కీకి నీళ్ళు పట్టుకోడానికి పంచండి, కంపెనీకి మంచి పేరొస్తుందని. పేపర్లో ఫోటో కూడా వేయించాడు. ఈ ఒక్క క్యాంపుకే కాదు, బనియాస్‌కి పంపాం, ఉమ్ అల్ క్వైన్‌లో పడవలవాళ్ళకి..."

అతను ఆగిపోయాడు.

తాళాల గుత్తి నేల మీద పడింది. తీసుకోవడానికి వంగలేదు.

"ఏమైంది?"

"మా అక్క," అన్నాడు ఆదిశేషు. "పేరమ్మ. ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తది. కుళాయిలో ఉప్పునీళ్ళొస్తున్నాయి తమ్ముడూ, తాగే నీళ్ళు పట్టుకోడానికి ఏదన్నా పంపించవా అంది. మంచిది చూసి నేనే ఏరానండి. ఆదివారం కంపెనీ పికప్‌లో పంపించాను."

"నీళ్ళు పోసిన్రా అందుల?"

"వాళ్ళకి మంచినీళ్ళ బండి మంగళవారం వస్తది. ఇవాళ. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. టీ, పాలు, అన్నీ మా అక్క చేతి మీదే..." అతను లింబాద్రి చెయ్యి పట్టుకున్నాడు. "ఫోన్ లేదండి వాళ్ళింట్లో. ఇల్లు నాకు తప్ప ఎవరికీ తెలీదు. గుడిసెల వెనకాల, పేరు లేని సందు. మీ కారు తీయండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిమిషం కిందటి దాకా దబాయించిన మనిషి. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

లింబాద్రి గడియారం చూసుకున్నాడు. స్టేషన్ దక్షిణాన ఉంది. ఉమ్ అల్ క్వైన్ ఉత్తరాన, గంట ప్రయాణం. స్టేషన్‌కు వెళ్తే, అధికారి దొరికి, వాంగ్మూలం మార్చి, సంతకం అయ్యేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి ఆ డ్రమ్ము నిండుతుంది. ఉత్తరానికి వెళ్తే భోజన్న జైలు గేటు దాటతాడు. రెండింటికీ కావలసిన మనిషి ఒక్కడే. అతను నేల మీద కూలబడి ఉన్నాడు.

ఇతన్ని ఇప్పుడు మెడపట్టి స్టేషన్‌కు లాక్కెళ్ళవచ్చు. చెప్పమన్నది చెప్పేస్తాడు. లింబాద్రి ఒక్క క్షణం అది కూడా ఆలోచించాడు. కడ్డీకి కట్టేసిన చెయ్యి అతనికి కనిపించింది. ఎప్పుడూ చూడని ఒక ఇంట్లో పిల్లల పాలగ్లాసులూ కనిపించాయి.

"షావలీ," అన్నాడు, మూతను రుమాల్లో చుట్టి ఇస్తూ. "నీళ్ళు తర్వాత పోద్దువు. దీన్ని సీదా ఆస్పత్రికి తీస్కపోయి నర్సు మాణిక్యం చేతుల పెట్టు. కూలెంట్ అని డాక్టరుకు చెప్పమను. కూలెంట్. యాదికుంటదా?"

"ఉంటది సాబ్. భోజన్నకేం చెప్పాలె?"

లింబాద్రి కారు తలుపు తీస్తూ ఆగాడు. ఎవరూ ముట్టకుండా రాత్రంతా కాపలా కాసిన నీళ్ళు. తమ్ముడి గ్లాసులో తన చేత్తోనే పోసిన నీళ్ళు. ఆ మాటను ట్యాంకర్ డ్రైవరు చేత పంపలేడు.

"ఏం చెప్పకు. నేనే వచ్చి చెప్త."

"వాణ్ణి తీస్కపోతరు గద?"

"యల్లా, పో."

కారు షార్జా రోడ్డెక్కింది. పక్క సీట్లో ఆదిశేషు అద్దం మీద చెయ్యి పెట్టి ముందుకు వంగి కూర్చున్నాడు, అలా కూర్చుంటే బండి తొందరగా పోతుందన్నట్టు. ఎక్కడో మసీదులో అజాన్ మొదలైంది.

"ముందు మా అక్క దగ్గరికి పోదాం. తర్వాత ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తానండి," అన్నాడు ఆదిశేషు. "ఒట్టు."

"ఇంకెన్ని డ్రమ్ములు పోయినయి? ఎవరెవరికి?"

"నాకు తెలిసినవి కొన్నే. మిగతావి షోరూం వాళ్ళు పంచారు. ఫోటో కోసం ఎవరొస్తే వాళ్ళకి."

లింబాద్రి కారు వేగం పెంచాడు.

పోలీసు స్టేషన్‌లో భోజన్న సారా కాచాడన్న వాంగ్మూలం ఇంకా అలాగే ఉంది. దాన్ని మార్చలేదు.